పాత ప్లగ్గును పారేసే ముందు

ఇంజిన్‌లో పెట్రోలును నిప్పురవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గులను గ్యారేజీలో మార్పించామని ఎవరైనా చెబితే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: తీసిన ప్లగ్గులు ఎలా ఉన్నాయి? చాలామంది చూడలేదంటారు. కొందరికి ఆ ప్రశ్నే వింతగా తోస్తుంది. పాతవి పోయాయి, కొత్తవి వచ్చాయి, బండి నడుస్తోంది, ఇంకేమి కావాలి అన్నట్టు చూస్తారు. నాకు మాత్రం ఆ జవాబు వినగానే మనసు చివుక్కుమంటుంది. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో, దాన్ని విప్పకుండా తెలుసుకునే దారులు చాలా తక్కువ. ఒక్కో సిలిండర్ గురించి విడివిడిగా సాక్ష్యం చెప్పగలవి ఆ పాత ప్లగ్గులే. వాటిని చూడకుండా చెత్తలో వేయడమంటే మన పేరిట వచ్చిన ఉత్తరాన్ని విప్పకుండానే చించేయడం.

పాత కారున్నవారు ప్లగ్గులను వీలైనంతవరకు తమ చేత్తో తామే మార్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఖర్చు తగ్గుతుందన్నది నిజమే గాని, నా లెక్కలో అది చిన్న లాభం. ప్లగ్గు బయటికి వచ్చిన క్షణంలో అక్కడ ఉండేది మనమే కావడం, ఏది ఏ సిలిండర్‌లోంచి వచ్చిందో తెలియడం అసలు లాభం. రెండోది ఓపిక. ఏళ్ల తరబడి కదలని ప్లగ్గును తీయడానికి నైపుణ్యం కంటే ఓపికే ఎక్కువ కావాలి. వరసలో మరో నాలుగు బండ్లు ఎదురుచూస్తున్న మెకానిక్ ఒక్క ప్లగ్గు దగ్గర అరగంట కూర్చోలేడు. అది అతని తప్పు కాదు, అతని రోజు అలాంటిది. ఇంటి దగ్గర మనల్ని తరిమేవారు ఎవరూ లేరు.

"బండి బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కదపడం?" అనే వాదన నేను తరచుగా వింటాను. దీనికి జవాబు చెప్పాలంటే ప్లగ్గు ఎంత పని చేస్తుందో చూడాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగినప్పుడల్లా ఒక్కో సిలిండర్‌కు ఒక నిప్పురవ్వ కావాలి. నిమిషానికి 2000 చుట్ల దగ్గర ఒక్కో ప్లగ్గు నిమిషానికి 1000 సార్లు వెలుగుతుంది. సగటు వేగం గంటకు 50 కిలోమీటర్లు అనుకుంటే లక్ష కిలోమీటర్లకు 2000 గంటలు పడుతుంది. అంటే ఒక్కో ప్లగ్గుకు సుమారు 12 కోట్ల రవ్వలు. ప్రతి రవ్వా అది దూకే లోహపు మొన, అంటే ఎలక్ట్రోడ్, నుంచి కంటికి కనిపించనంత లోహాన్ని తీసుకుపోతుంది. పదునైన అంచులు గుండ్రబడతాయి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ పెరుగుతుంది. ఎడం పెరిగిన కొద్దీ దాన్ని దాటడానికి, ప్లగ్గుకు అధిక వోల్టేజీ అందించే కాయిల్ మరింత వోల్టేజీ ఇవ్వాలి. ఇప్పటి కాయిళ్లు 30 వేల వోల్టులకు పైగా ఇవ్వగలవు కాబట్టి చాలా కాలం ఆ లోటును అవే పూడుస్తాయి, మనకేమీ తెలియదు. బండి బాగా నడవడానికి కారణం ప్లగ్గు బాగుండటం కాదు, దాని బరువును కాయిల్ మోస్తూ ఉండటం. కాయిల్ కూడా కారంత పాతదే. దాని లోపలి ఇన్సులేషన్ ఏదో ఒక రోజు చేతులెత్తేస్తుంది.

ఆ రోజు సాధారణంగా ఎత్తు ఎక్కేటప్పుడో, కారు నిండా మనుషులున్నప్పుడో వస్తుంది. అందుకు కారణముంది. యాక్సిలరేటర్ నొక్కి బరువు లాగిస్తున్నప్పుడు సిలిండర్‌లో పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగితే అదే గ్యాప్‌ను దాటడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. సమతలం మీద నున్నగా నడిచే ఇంజిన్ ఎత్తులో దడదడలాడటం ఇందుకే. మంట అంటుకోని పెట్రోలు సైలెన్సర్ దారి పట్టి, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, దాన్ని విపరీతంగా వేడెక్కిస్తుంది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ ఉండటం వేరు. రెండోది చాలా బండ్లలో కన్వర్టర్‌కు హాని చేసే మిస్‌ఫైర్‌కు, అంటే సిలిండర్‌లో మంట అంటుకోకపోవడానికి, గుర్తు. ఆ స్థితిలో యాక్సిలరేటర్ తగ్గించాలి, వీలైతే ఆపాలి. ప్లగ్గుల ధరను కన్వర్టర్ ధరతో పోల్చి చూసిన వారెవరూ "ఎందుకు కదపడం" అని మళ్లీ అనరు.

అదే సమయంలో అవతలి వైపు అతిశయోక్తులూ నాకు నచ్చవు. కొత్త ప్లగ్గు ఇంజిన్‌కు లేని శక్తి తెచ్చిపెట్టదు. అరిగిపోయిన ప్లగ్గు వల్ల పోయినదాన్ని తిరిగి ఇస్తుంది, అంతే. పాతది ఇంకా బాగున్నప్పుడు ఖరీదైన ఇరిడియం ప్లగ్గు వేసి మైలేజీ పెరుగుతుందని ఎదురుచూడటం వృథా.

ఇరిడియం గొప్పతనం మన్నికలో ఉంది. నికెల్ మిశ్రమం సుమారు 1400 డిగ్రీల దగ్గర కరిగితే, ప్లాటినం 1768 డిగ్రీల దగ్గర, ఇరిడియం 2446 డిగ్రీల దగ్గర కరుగుతాయి. ఇరిడియం చాలా గట్టిది కూడా. అందుకే మధ్య ఎలక్ట్రోడ్‌ను అర మిల్లీమీటరు మందానికి సన్నగా చేసినా నిలుస్తుంది, ఆ సన్నని మొన నుంచి రవ్వ తేలికగా దూకుతుంది. నికెల్ ప్లగ్గులను సాధారణంగా 30 నుంచి 50 వేల కిలోమీటర్లకు మార్చాలంటారు. ప్లాటినం, ఇరిడియం రకాలు చాలా బండ్లలో లక్ష కిలోమీటర్ల దాకా వస్తాయి. కానీ లక్ష అన్నది ఎలక్ట్రోడ్ ఆయుష్షు. ప్లగ్గు ఉక్కు, అది బిగిసే హెడ్ (సిలిండర్ల పై మూత) అల్యూమినియం. ఈ రెండు లోహాలు వేడికి, తేమకు, మసికి ఏళ్ల తరబడి ఒకదానికొకటి అతుక్కుని ఉంటే మరలు (థ్రెడ్లు) పట్టేస్తాయి. పాత కారులో నన్ను భయపెట్టేది ఎలక్ట్రోడ్ అరుగుదల కాదు, ఈ పట్టేయడమే. కారు చేతులు మారి వచ్చి, ప్లగ్గులు ఎప్పుడు మార్చారో తెలియకపోతే, అంకెల కోసం వెతకకుండా ఒకసారి తీసి చూడటమే సరైన పని. తీస్తే మరలు కూడా విడివడతాయి, తర్వాతి సారి పని తేలికవుతుంది.

ఏ ప్లగ్గు కొనాలన్నదాని మీద పెద్ద చర్చ అక్కర్లేదు. బండి పుస్తకంలో రాసిన రకమే కొనాలి. ముఖ్యంగా హీట్ రేంజ్, అంటే ప్లగ్గు వేడిని వదిలించుకునే తీరు, మార్చకూడదు. ప్లగ్గు కొన సుమారు 500 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకంటే చల్లబడితే మసి కాలిపోక పేరుకుంటుంది, మరీ వేడెక్కితే రవ్వ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌కే ప్రమాదం వస్తుంది. ఇక్కడొక చిక్కు ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లని రకమని అర్థం. బాష్, ఛాంపియన్ ప్లగ్గుల్లో అంకె పెరిగితే వేడి రకం. ఒక కంపెనీ అంకెను చూసి మరో కంపెనీ ప్లగ్గును అంచనా వేస్తే సరిగ్గా తలకిందులవుతుంది. నకిలీ ప్లగ్గులు కూడా తిరుగుతుంటాయి కాబట్టి నమ్మకమైన చోట కొనడం మంచిది.

ఇక పని. చల్లారిన ఇంజిన్ మీదే మొదలుపెట్టాలి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి గోరువెచ్చగా ఉన్నప్పుడు మొండి ప్లగ్గు వదులవుతుందని వాదించే అనుభవజ్ఞులు ఉన్నారు. ఆ వాదనలో తర్కం లేకపోలేదు. అయినా వేడి హెడ్‌లో మరలు తేలికగా దెబ్బతింటాయి. మాన్యువళ్లు చల్లని ఇంజిన్ అనే చెబుతాయి. నేను రాత్రంతా వదిలేసి పొద్దున ప్లగ్గు తీస్తాను. ఇగ్నిషన్ ఆపి బ్యాటరీ నెగటివ్ తీగ తీసేస్తాను.

పాత కారులో మొదట విరిగేది ప్లగ్గు కాదు, కాయిల్ కనెక్టర్ మీది ప్లాస్టిక్ నాలుక. ఏళ్ల వేడికి అది అప్పడంలా పెళుసుబారి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నకుండా, కనెక్టర్‌ను ముందు కొంచెం లోపలికి నొక్కి, నాలుక మీది ఒత్తిడి తగ్గించి, అప్పుడు వేలితో నొక్కి లాగాలి. కాయిల్‌ను కూడా నేరుగా లాగకుండా అటూ ఇటూ కాస్త తిప్పి రబ్బరు తొడుగు పట్టు వదిలాక పైకి తీయాలి. కాయిల్ వోల్టేజీని తీగల ద్వారా ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న మరీ పాత బండి అయితే ఒక్కో తీగను మాత్రమే తీసి, ఆ ప్లగ్గు పని పూర్తిచేసి, తీగను తిరిగి పెట్టాకే రెండోదానికి వెళ్లాలి. తీగలు తారుమారైతే వెలిగే వరస తప్పుతుంది, ఇంజిన్ దగ్గడం మొదలుపెడుతుంది.

తర్వాత శుభ్రం. చాలామంది దాటేసే మెట్టు ఇది, నేను అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టేది కూడా ఇక్కడే. ప్లగ్గు చుట్టూ ఉన్న గుంతలో ఇసుక, ఆకుల పొడి, తుప్పు పేరుకుని ఉంటాయి. ప్లగ్గు పైకి రాగానే అదంతా సిలిండర్‌లో పడుతుంది. ఒక్క ఇసుక రేణువు సిలిండర్ గోడను గీయగలదు. గాలి కొట్టి గుంతను ఊదాలి, లేదంటే వాక్యూమ్ క్లీనర్‌కు సన్నని గొట్టం తగిలించి పీల్చాలి. ప్లగ్గును ఒక చుట్టు వదులు చేసి, ఆపి, మళ్లీ ఊదాలి. థ్రెడ్ల అంచుల్లో ఇరుక్కున్న దుమ్ము ఆ రెండోసారికే కదులుతుంది. అప్పుడే ప్లగ్గును పూర్తిగా తీయాలి.

ఆ మొదటి చుట్టు దగ్గరే గుండె గట్టిగా కొట్టుకుంటుంది. రాట్చెట్ రెంచి మీద నిలకడగా బలం పెంచుతూ పోతే టక్కుమని వదలాలి. అలా వదిలాక చేత్తో సులువుగా రావాలి. వదిలినట్టే వదిలి మళ్లీ బిగుసుకుంటూ, కిర్రుమంటూ వస్తోందంటే అక్కడే ఆగాలి. బలం పెంచడం ఆ క్షణంలో చేయగలిగిన అతి చెడ్డ పని. థ్రెడ్ల మధ్య ఇరుక్కున్న మసి అల్యూమినియాన్ని చీలుస్తూ వస్తోందని అర్థం. పావు చుట్టు తిరిగి బిగించి, తుప్పు వదిలించే ఆయిల్ కొన్ని చుక్కలు వేసి, వదిలేయాలి. ఒక గంట ఆగి మళ్లీ ఎనిమిదో వంతు వదులు, మళ్లీ బిగింపు, మళ్లీ వదులు. ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే మసి పొడి అయి దారి ఇస్తుంది. ఒక ప్లగ్గుకు సాయంత్రమంతా పట్టినా పట్టనివ్వండి. హెడ్‌లో మరలు పోతే కొత్త మరలు కోసి లోహపు చుట్ట ఇన్సర్ట్ బిగించాలి, ఆ తర్వాత కూడా ఆ సిలిండర్ మీద బెంగ పూర్తిగా పోదు.

తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరసలోనే ఒక అట్ట మీద పెట్టి, పక్కన అంకె వేయండి. చదవడానికి మంచి వెలుతురు, వీలైతే భూతద్దం కావాలి. పింగాణీ ముక్కు లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా మండుతోంది. పొడి మసి నల్లగా అంటితే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా కారు ఇంజిన్ వేడెక్కనంత చిన్న దూరాలే తిరుగుతోంది. అన్నీ ఒకేలా నల్లగా ఉంటే ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్ వంటి అన్ని సిలిండర్లకూ ఉమ్మడి భాగాలను అనుమానించాలి. ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండర్ కాయిల్‌నో ఇంజెక్టర్‌నో చూడాలి. ఈ తేడా చెప్పగలగడమే విడివిడిగా చూడటం వల్ల వచ్చే ప్రయోజనం. పింగాణీ తెల్లగా పాలిపోయి, బొబ్బలెక్కి ఉంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందో, ప్లగ్గు అతిగా వేడెక్కిందో తేల్చుకోవాలి. తడిగా, జిడ్డుగా నల్లటి పూత ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది.

ఆయిల్ విషయంలో జాగ్రత్తగా చూడాలి. ప్లగ్గు పైభాగం, గుంత తడిగా ఉండి కొన పొడిగా ఉంటే భయం లేదు. అది వాల్వ్ కవర్ గాస్కెట్‌దో, ప్లగ్గు గొట్టం చుట్టూ ఉండే సీలుదో. తేలికగా మార్చుకోవచ్చు. కొన తడిగా ఉంటేనే పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్ల మాట. పింగాణీ పైభాగంలో, లోహపు అంచు దగ్గర గోధుమ రంగు వలయం కనిపిస్తే గ్యాసు లీకవుతోందని చాలామంది కంగారుపడతారు. అధిక వోల్టేజీ చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రానికి గాలిలోని ఆయిల్ తుంపరలు అంటుకోవడం వల్ల వచ్చే మరక అది. హాని లేదు. దానికి బదులు పింగాణీ మీద నిలువుగా సన్నని నల్లటి గీత ఉంటే మాత్రం రవ్వ లోపలికి పోకుండా బయటినుంచి దారి తీస్తోంది. అప్పుడు ప్లగ్గుతోపాటు రబ్బరు తొడుగు కూడా మార్చాలి. పాత తొడుగు అలాగే ఉంచితే దాని లోపలి గీత కొత్త ప్లగ్గును కూడా పాడుచేస్తుంది.

బిగింపుకు వద్దాం. కొత్త ప్లగ్గు డబ్బాలోంచి తీయగానే గ్యాప్ చూడండి. చాలా కార్లలో అది 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సరైన అంకె పుస్తకంలోదే. నికెల్ ప్లగ్గులో పక్క ఎలక్ట్రోడ్‌ను మెల్లగా వంచి సరిచేయవచ్చు. ఇరిడియం రకంలో మధ్య మొనకు ఏ పనిముట్టూ ఆనించకూడదు, పుటుక్కున విరుగుతుంది. నేల మీద పడిన ప్లగ్గును మాత్రం వాడకండి. పైకి బాగానే ఉన్నా లోపల పింగాణీ చిట్లి ఉండవచ్చు.

మరలు ఎక్కించేటప్పుడు రాట్చెట్ దూరంగా పెట్టండి. ప్లగ్గు తలకు ఒక జానెడు రబ్బరు గొట్టం తొడిగి దాంతో తిప్పడం పాత మెకానిక్కుల పద్ధతి, ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. మర వంకరగా పడితే గొట్టమే జారిపోతుంది, హెడ్ బతుకుతుంది. ముందు కొద్దిగా ఎడమవైపు తిప్పితే మర కొన మరలో పడిన చిన్న కదలిక చేతికి తెలుస్తుంది. అక్కడినుంచి కుడివైపు తిప్పాలి. చివరి దాకా వేళ్లతోనే రావాలి.

ఆ తర్వాత టార్క్‌ను, అంటే బిగింపు బలాన్ని, కొలిచే టార్క్ రెంచి. అల్యూమినియం హెడ్‌లో వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల మరకు మామూలుగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లకు 15 నుంచి 20. రెంచి లేకపోతే, వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గును వేళ్లతో కూర్చోబెట్టాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు. వాషర్ లేని శంఖాకారపు రకానికి చుట్టులో పదహారో వంతు చాలు. ఆ తేడా తెలియక బిగించిన శంఖాకారపు ప్లగ్గులే తర్వాత ఊడిరాక ఏడిపిస్తాయి.

మరలకు పట్టకుండా ఉండే గ్రీజు పూయాలా వద్దా అన్నది పాత కార్ల వాళ్ల మధ్య తెగని తగాదా. నేను పూయను. ఎన్‌జీకే వంటి తయారీదారులు తమ ప్లగ్గుల మరలకు పూత ముందే ఉందని, వేరే గ్రీజు వద్దని చెబుతారు. కారణం భౌతికశాస్త్రమే. పుస్తకంలోని టార్క్ పొడి మరలకు లెక్కగట్టినది. గ్రీజు ఘర్షణను తగ్గిస్తుంది కాబట్టి రెంచి అదే అంకె చూపించినా మర అంతకంటే ఎక్కువ సాగుతుంది. పట్టేస్తుందని భయపడి గ్రీజు పూసి, అతిగా బిగించి మర తెంపుకోవడం ఏ లెక్కన లాభం? పట్టేయకుండా ఉండాలంటే సరైన టార్క్, సమయానికి మార్చడం చాలు. రబ్బరు తొడుగు లోపలి అంచుకు మాత్రం విద్యుత్తు ప్రవహించని సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తాను. తేమ చేరదు, తర్వాతిసారి తొడుగు చిరగకుండా వస్తుంది.

ఈ పని అందరూ చేయాలని చెబుతూనే, అన్ని ఇంజిన్ల మీదా చేయమని చెప్పను. అడ్డంగా అమర్చిన వి6లలో (వి ఆకారంలో ఆరు సిలిండర్లున్న ఇంజిన్లలో) చాలావాటికి వెనక వరస ప్లగ్గులు, గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటాయి. దాన్ని విప్పాలి, కొత్త గాస్కెట్లు వేయాలి. ఫోర్డ్ వారి 5.4 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వుల వి8 ఇంజిన్‌లో ప్లగ్గు కిందిభాగం హెడ్‌లోనే విరిగి ఉండిపోవడం లోకమంతటికీ తెలిసిన సమస్య, దాన్ని తీయడానికి ప్రత్యేక పనిముట్లే పుట్టాయి. మీ ఇంజిన్‌కు అలాంటి పేరు ఉందేమో ముందే తెలుసుకోండి. ఉంటే, ఆ ఇంజిన్ మీద చేయి తిరిగిన మెకానిక్‌ను వెతికి, పక్కన నిలబడి చూడండి.

నా కారులో మూడో సిలిండర్ ప్లగ్గు కొన తడిగా, నల్లగా వచ్చింది. మిగతా మూడూ లేత గోధుమ రంగులో పొడిగా ఉన్నాయి. ఆయిల్ తగ్గుతోందని చెప్పినప్పుడు ఇంజిన్ మొత్తం విప్పాలని అంతకుముందు ఒకచోట సలహా ఇచ్చారు. ఆ ఒక్క ప్లగ్గు ఆ సలహాను పక్కన పెట్టించింది. అన్ని ప్లగ్గులూ తీసి ఉండగానే కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే పీడనం) చూశాను. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉన్నాయి. రాత్రంతా నిలిచిన బండి పొద్దున మొదలైనప్పుడు ఆయిల్ కాలిన నీలిపొగ ఒక్కసారి వచ్చి పోతుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు రాదు. ఇవన్నీ కలిపి చూస్తే రింగుల కంటే ఆ సిలిండర్ వాల్వ్ సీలు మీదికే అనుమానం పోతుంది. హెడ్ దించకుండానే మార్చగల చిన్న రబ్బరు సీలు అది. ప్రస్తుతానికి ఆ సిలిండర్‌లో మామూలు నికెల్ ప్లగ్గే వేశాను. ఆయిల్‌తో ఎలాగూ పాడయ్యేదానికి ఇరిడియం దండగ. ఆయిల్ మార్చినప్పుడల్లా ఆ ఒక్కదాన్నే విప్పి, పోయినసారి కంటే పూత మందంగా ఉందా, అంతే ఉందా చూసి, కొన తుడిచి, డైరీలో కిలోమీటర్ల పక్కన రాసుకుంటున్నాను. పూత మందం పెరిగినట్టు కనిపించిన రోజున సీలు మార్పిస్తాను.